ట్విస్టు కాదు, తొండి

పుస్తకం అట్ట మీద "చివరి మలుపు మీరు కలలో కూడా ఊహించలేరు" అని అచ్చేసే పద్ధతి ఎవడు కనిపెట్టాడో గానీ, వాణ్ణి కూర్చోబెట్టి అదే అట్ట వందసార్లు చదివించాలి. మలుపు ఉందని ముందే చెప్పేశాక ఇంక నేను కథ ఎందుకు చదువుతాను? మొదటి పేజీ నుంచీ రచయిత జేబులు తడుముతూ కూర్చుంటాను. ఈవిడ మరీ మంచిదానిలా ఉంది కాబట్టి ఈవిడే అయ్యుంటుంది, ఆయన పోయాడన్నారు గానీ శవాన్ని చూపించలేదు కాబట్టి బతికే ఉంటాడు... ఇదే వరస. సగం సార్లు సరిగ్గానే చెప్పేస్తాం కూడా, ఎందుకంటే పదేళ్ళుగా అవే నాలుగు మలుపుల చుట్టూ తిప్పుతున్నారు. ఐనా మనవాళ్ళు ఆగరు. లంచ్ టేబుల్ దగ్గర సస్పెన్స్ నవల మాటొస్తే చాలు, "లాస్ట్‌లో ట్విస్ట్ మామూలుగా ఉండదు బాస్" అంటారు. కథేంటి, అందులో మనుషులెలా ఉన్నారు, రాసినవాడికి రాయడం వచ్చా? ఇవేవీ అడక్కూడదు. అడిగితే స్పాయిలరట.

నేనడిగేది ఒక్కటే. అది ట్విస్టా, తొండా? గోళీలాటలో తొండి ఆడినవాణ్ణి వీధిలో పిల్లలు మర్నాడు ఆటకి రానివ్వరు. ఇక్కడ తొండి ఆడినవాడికి సినిమా హక్కులు, రెండో భాగానికి అడ్వాన్సు.

ముందే చెప్తున్నా, ఇక్కణ్ణుంచి గుట్టు విప్పేస్తున్నాను. 'సైలెంట్ పేషెంట్', 'గాన్ గర్ల్', 'గర్ల్ ఆన్ ద ట్రెయిన్', 'ఉమన్ ఇన్ ద విండో', 'హౌస్‌మెయిడ్', 'డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్', ఇంకా వందేళ్ళ నాటి 'రోజర్ ఆక్రాయిడ్' కూడా. చదవాలనుకుని ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు, ఏమీ అనుకోను.

అపరాధ పరిశోధన నవలకీ పాఠకుడికీ మధ్య ఒక ఒప్పందం ఉండేది. రోనాల్డ్ నాక్స్ అనే పాదిరీ 1929లో పది ఆజ్ఞలు రాసిపెట్టాడు. కొన్ని హాస్యానికి రాసినవి, ఒకటి ఇవాళ చదివితే సిగ్గేసేది (చైనావాడు ఉండకూడదని). కానీ ఎనిమిదోదీ తొమ్మిదోదీ ఇప్పటికీ గట్టివే. డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారాన్నీ వెంటనే పాఠకుడికి చూపించాలి. కథ చెప్పే వాట్సన్ లాంటి స్నేహితుడు తన మనసులో మెదిలింది దాచకూడదు. అదే ఏడాది ఎల్లరీ క్వీన్ ఇంకో అడుగు ముందుకేసి, కథ మధ్యలో ఆపి "ఆధారాలన్నీ ఇచ్చేశాం, ఇప్పుడు మీరు చెప్పండి చూద్దాం" అని పాఠకుడికి సవాలు విసిరే అలవాటు మొదలెట్టాడు. ('ఆడు' అంటున్నాను గానీ ఎల్లరీ క్వీన్ అంటే ఇద్దరు కజిన్లు కలిసి పెట్టుకున్న పేరు.)

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు లేచి "మరి అగాథా క్రిస్టీ?" అంటారు. నిజమే. 1926లో వచ్చిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్'లో కథ చెప్తున్న డాక్టరే హంతకుడు. అప్పట్లో చాలామంది అన్యాయం అని మండిపడ్డారు. కానీ ఒక్కసారి ఆగి చూడండి. ఆ డాక్టర్ షెపర్డ్ ఎందుకు రాస్తున్నాడు? పొయిరో ఓడిపోయిన కేసు ఇదొకటుంది అని లోకానికి చూపిద్దామని. ఆ రాతప్రతిని కథలోనే పొయిరో చేతికిస్తాడు, పొయిరో చదువుతాడు, "మీ గురించి మీరు భలే తక్కువ చెప్పుకున్నారే" అన్న ధోరణిలో చురక వేస్తాడు. చివర్లో షెపర్డ్ తను ఏ వాక్యంలో ఏం మింగేశాడో తనే చూపించి మురిసిపోతాడు. వెనక్కెళ్ళి చూస్తే ప్రతి వాక్యమూ నిజమే. అంటే ఆ మోసం కథలో ఒక మనిషి ఇంకొక మనిషిని చేసిన మోసం. పొయిరో పక్కన కూర్చుని అదే కాగితం చదివాం కాబట్టి మనకీ దెబ్బ తగిలింది. పొయిరో దొరకబుచ్చుకున్నాడు, మనం దొరకబుచ్చుకోలేదు. సరైన ఓటమి అది.

నా కొలబద్ద అక్కణ్ణుంచే తీసుకున్నాను. ఈ అబద్ధం కథలో ఎవరికి చెప్తున్నారు? ఎవరికో ఒకరికి చెప్తుంటే ఫరవాలేదు. కథలో ఎవరికీ చెప్పకుండా, డబ్బులు పెట్టి కొనుక్కున్న నాకు మాత్రమే చెప్తుంటే అది తొండి.

ఇప్పుడు 2019లో అలెక్స్ మైకెలిడీస్ రాసిన 'సైలెంట్ పేషెంట్' తీసుకోండి. మన ఆఫీసుల్లో దీన్ని చదవనివాళ్ళకంటే చదివి ఇంకొకరికి అంటగట్టినవాళ్ళే ఎక్కువ. అలీసియా అనే చిత్రకారిణి మొగుడి ముఖం మీద అయిదుసార్లు కాల్చి, ఆ తర్వాత ఆరేళ్ళు నోరు విప్పదు. థియో అనే సైకోథెరపిస్టు ఆమెని మాట్లాడిస్తానని ఆ ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరతాడు. కథ చెప్పేది అతనే. ఒక వరసలో ఆస్పత్రి సంగతులు, ఇంకో వరసలో అతని భార్య క్యాథీ వేరేవాడితో తిరుగుతోందన్న బాధ. రెండూ ఒకే రోజుల్లో జరుగుతున్నట్టు అధ్యాయాలు మార్చి మార్చి పేర్చాడు. చివరికి తేలేదేంటంటే, క్యాథీ వ్యవహారం ఆరేళ్ళ కిందటిది. ఆమె ప్రియుడు అలీసియా మొగుడే. హత్య జరిగిన రాత్రి ముసుగేసుకుని ఆ ఇంట్లో దూరింది మన థియోనే.

నోరెళ్ళబెట్టాలన్నమాట.

మన భాషలో చెప్తా. రాత్రి రెండింటికి ఫోనొచ్చింది, ప్రొడక్షన్‌లో ఏదో పగిలింది. లాగ్స్ పంపమన్నారు. మీ సహోద్యోగి ఒకడు ఈ వారం లాగ్‌నీ, ఆరేళ్ళ కిందటి లాగ్‌నీ తీసుకుని, రెంటిలోనూ టైమ్‌స్టాంపులు పీకేసి, లైన్లు అటొకటి ఇటొకటి కలిపి ఒకే ఫైలుగా పంపాడు. మీరు తెల్లార్లూ కూర్చుని తల బాదుకున్నాక, పొద్దున్నే కాఫీ తాగుతూ "అందులో సగం ఆరేళ్ళ పాతవి, ఎలా ఉంది ట్విస్టు?" అన్నాడు. వాణ్ణి మీరు తెలివైనవాడు అంటారా?

థియో ఆ అధ్యాయాలు ఆ వరసలో ఎవరికి చెప్తున్నాడు? పోలీసులకా? కాదు. పై డాక్టర్లకా? కాదు. కథలో ఏ ఒక్కరూ ఆ కాలక్రమం వల్ల మోసపోలేదు, క్యాథీకి తెలుసు తను ఎప్పుడు ఏం చేసిందో, థియోకి తెలుసు, చచ్చినవాడికీ తెలుసు. తెలియంది నాకూ మీకూ. ఆ రెండు వరసల్నీ జరిగిన క్రమంలో పెట్టి చూడండి, చివరి యాభై పేజీల దాకా ఆగక్కర్లేదు, పదో పేజీలోనే అంతా తెలిసిపోతుంది. అలా పెట్టినా నిలబడే కథ అయ్యుంటే మెచ్చుకునేవాణ్ణి. ఒక హంతకుడి సాటివాడు తను పాడుచేసిన మనిషికే వైద్యం చేయడానికి వచ్చాడు అన్నది నిజానికి ఎంత భయంకరమైన కథ! ఆ మనిషి రోజూ ఆమె ఎదురుగా కూర్చుని ఏమనుకుంటున్నాడు, నిజంగానే బాగుచేద్దామనుకుంటున్నాడా, నోరు విప్పితే తన పేరు చెప్తుందని భయపడుతున్నాడా? ఇవన్నీ రాయాల్సిన పుస్తకం. ట్విస్టు కోసం ఆ కథని చంపేశాడు. మనసులో మెదిలింది దాచకూడదని నాక్స్ అన్నది ఇందుకే.

"అదేంటండీ, అన్‌రిలయబుల్ నేరేటర్ అంటారు దాన్ని" అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. పేరు పెడితే తొండి కళ అయిపోదు. 2012 నాటి 'గాన్ గర్ల్'లోనూ ఏమీ డైరీ అంతా కట్టుకథే. కానీ ఆ డైరీ ఆమె ఎవరికోసం రాసింది? మొగుణ్ణి ఇరికించడానికి, పోలీసులకి దొరకాలని రాసింది. పోలీసులు నమ్మారు, మనమూ నమ్మాం. పైగా గిలియన్ ఫ్లిన్ ఆ గుట్టుని చివరిదాకా దాచుకోలేదు, పుస్తకం సగంలోనే విప్పి బల్ల మీద పెట్టేసింది. మిగిలిన సగం ఇంకా బిగువుగా నడిచింది. దమ్మంటే అది. ఆ పుస్తకం చూసి వందమంది కాపీ కొట్టారు గానీ, సగంలో గుట్టు విప్పే ధైర్యాన్ని మాత్రం ఎవరూ కాపీ కొట్టలేదు.

2015లో పౌలా హాకిన్స్ రాసిన 'గర్ల్ ఆన్ ద ట్రెయిన్' కూడా నా కొలబద్దకి నిలుస్తుంది. రేచల్ తాగి మర్చిపోతుంది, ఆ ఖాళీలని మాజీ మొగుడు అబద్ధాలతో నింపాడు. మోసపోయింది ముందు ఆమె, తర్వాతే మనం. ఐతే ఆ పుస్తకం అమ్ముడుపోయాక ప్రచురణకర్తలకి ఒక ఫార్ములా దొరికింది. మందు, మాత్రలు, మతిమరుపు, ఒక కిటికీ. 2018లో 'ఉమన్ ఇన్ ద విండో' వచ్చింది. ఇల్లు కదలలేని భయం ఉన్న ఆవిడ, వైన్‌తో మాత్రలు మింగుతూ, ఎదురింట్లో హత్య చూస్తుంది, ఎవరూ నమ్మరు. ఫోన్లో రోజూ మాట్లాడే మొగుడూ కూతురూ ఎప్పుడో ప్రమాదంలో పోయారని తర్వాత తెలుస్తుంది.

ఇక్కడ తొండి కంటే నన్ను బాధించేది ఇంకోటుంది. ఈ నవలల్లో మానసిక వ్యాధి ఒక తాళంకప్ప. కథకి గది మూయాల్సి వచ్చినప్పుడు వేస్తారు, క్లైమాక్స్‌లో తీసేస్తారు. పేజీ మూడొందల దాకా గుమ్మం దాటలేని మనిషి, హంతకుడు తరిమేసరికి దూకుతుంది, పోరాడుతుంది. "చివరికి ఆమె చెప్పిందే నిజమైంది కదా, జబ్బు మనిషిని నమ్మాలనే కదా చెప్తోంది" అంటారు. పైకి అలాగే కనిపిస్తుంది. కానీ చదువుతున్న మూడొందల పేజీలూ మనకి అలవాటయ్యేది, మాత్రలు వేసుకునే మనిషి మాటని అనుమానంగా వినడం. మా టీంలో ఒకతను ఆందోళనకి మందులు వాడుతూ ఆ సీసాని డ్రాయర్‌లో ఫైళ్ళ వెనక పెట్టుకునేవాడు, ఎవరైనా చూస్తే అప్రైజల్‌లో తన మాటకి విలువ ఉండదని. అతను పిచ్చివాడేం కాదు. మన వృత్తిలో అలాంటి సీసాలు ఎన్ని డ్రాయర్లలో ఉన్నాయో మీకూ తెలుసు. వాటిని సస్పెన్స్ కోసం గిలక్కాయలా ఆడించేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

ఫ్రీడా మెక్‌ఫాడెన్ 'హౌస్‌మెయిడ్' (2022) గురించి ఎక్కువ చెప్పను. 2025 డిసెంబర్‌లో సినిమా కూడా వచ్చింది. బయట్నుంచి మాత్రమే గడియ పడే అటక గది ఉన్న ఇంట్లో పనికి చేరిన అమ్మాయి కథ. ఇంటావిడ పిచ్చిదానిలా నటించేది ఆ పనమ్మాయిని తన స్థానంలో ఇరికించి తను బయటపడడానికి, కాబట్టి అబద్ధం కథలోనే ఉంది. రెండు గంటల్లో అయిపోతుంది, మూడో గంటకి పేర్లు గుర్తుండవు. పోనీలెండి, గొప్ప సాహిత్యమని ఆవిడేం చెప్పుకోవట్లేదు.

డాన్ బ్రౌన్ మాత్రం వదలను. ఇరవై ఏళ్ళు దాటింది, 2025లో ప్రేగ్ నేపథ్యంగా వచ్చిన 'సీక్రెట్ ఆఫ్ సీక్రెట్స్' దాకా అదే జబ్బు. హీరో పెట్టె తెరుస్తాడు, లోపల ఉన్నది చూసి కొయ్యబారిపోతాడు, అధ్యాయం సమాప్తం. వచ్చే అధ్యాయం ఇంకో ఊళ్ళో. అతని కళ్ళతోనే కదయ్యా నేను చూస్తున్నది! అతనికి కనిపించింది నాకెందుకు కనిపించలేదు? ఆంధ్రభూమి వీక్లీలో 'తులసిదళం' సీరియల్‌గా వచ్చినప్పుడు యండమూరి ప్రతి వారం చివర ఒక కొక్కెం తగిలించి 'సశేషం' అన్నాడంటే అర్థముంది, వచ్చే వారం మళ్ళీ పత్రిక కొనాలి. ఒకే బైండింగులో ఉన్న పుస్తకానికి ఆ బెంగ దేనికి? అన్నట్టు ఈయనే రాసిన 'డిజిటల్ ఫోర్‌ట్రెస్'లో 238లోంచి 235 తీసేస్తే ఎంత అని తేల్చడానికి ఎన్.ఎస్.ఏ. మేధావులంతా చెమటలు కక్కుతారు. సాఫ్టువేరువాళ్ళు నవ్వుకోడానికి ఆ పుస్తకం దాచుకోవచ్చు.

ఐతే సరైన ఆట ఎవరాడుతున్నారయ్యా అంటే, జపాన్ వాళ్ళు. కెయిగో హిగషినో 'డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' 2005లో పుస్తకంగా వచ్చింది, నవోకి బహుమతి అందుకుంది, ఇంగ్లీషులోకి 2011లో వచ్చింది. మన 'దృశ్యం' చూసినవాళ్ళకి పేరు తెలిసే ఉంటుంది, 2013లో మలయాళ మాతృక వచ్చినప్పుడు దీన్నుంచే తీశారని గొడవ నడిచింది, దర్శకుడు కాదన్నాడు. హిందీలో 2023లో వచ్చిన 'జానే జాన్' మాత్రం హక్కులు తీసుకుని చేసింది.

హత్య మొదట్లోనే జరిగిపోతుంది, ఎవరు చేశారో మనం చూస్తాం. యసుకో అనే ఆవిడా ఆమె కూతురూ కలిసి, పీక్కుతింటున్న మాజీ మొగుణ్ణి చంపేస్తారు. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆమె మీద మూగ ప్రేమతో, అంతా నేను చూసుకుంటా అంటాడు. పోలీసులకి నది ఒడ్డున ముఖం చితికిపోయిన శవం దొరుకుతుంది. ఆ రాత్రి ఎక్కడున్నారు అని యసుకోని పదే పదే అడుగుతారు. ఆమె నిజమే చెప్తుంది. సినిమాకెళ్ళాం, తిన్నాం, పాడుకున్నాం అంటుంది. ఎంత తవ్వినా అబద్ధం దొరకదు. ఎందుకంటే అసలు హత్య జరిగింది ముందు రోజు. దొరికిన శవం ఆ మొగుడిది కానే కాదు. ఇషిగామి ఇంకొకణ్ణి చంపి, అతన్ని ఇతనిగా చూపించాడు.

ఆధారం ఇచ్చాడా అంటే, ఇచ్చాడు. జామెట్రీ లెక్కలా కనబడుతుంది గానీ నిజానికి ఆల్జీబ్రా లెక్క అయ్యేలా పరీక్ష పేపర్లు తయారుచేస్తానని ఇషిగామి స్వయంగా పోలీసుతో అంటాడు. అంతకంటే పెద్ద ఆధారం పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంది. ఇషిగామి రోజూ బడికి నడిచే దారిలో, నది పక్కన నీలం పట్టాల గుడిసెల్లో ఇల్లూవాకిలీ లేనివాళ్ళుంటారు. అందులో ఒకతను కొత్తగా వచ్చినవాడు, ఆ బతుక్కి ఇంకా అలవాటు పడనివాడు. ఇషిగామి అతనికి మనసులో పెట్టుకున్న పేరు 'ఇంజనీర్'. తర్వాత ఆ ఇంజనీర్ కనిపించడు. పోలీసులు వెతకరు, అతని కోసం ఫిర్యాదు చేసేవాళ్ళు లేరు. పాఠకులూ వెతకరు. పనిస్తానంటే నమ్మి వెళ్ళిన మనిషి వాడు.

లేఆఫుల మెయిళ్ళు వరదలా వచ్చిన 2023 తర్వాత ఆ పేజీలు మళ్ళీ చదివితే చేతులు చల్లబడతాయి. గుట్టు తెలిశాక పుస్తకం చచ్చిపోలేదు, అప్పుడే మొదలైంది. ఊరు ఎవర్ని చూడకుండా దాటిపోతుందో, సరిగ్గా వాళ్ళలోనే ఆధారాన్ని పెట్టాడు హిగషినో. జపాన్‌లోనే దీన్ని అసలైన పజిల్ నవల అనొచ్చా, ఆధారాలు సరిపోయాయా అని రెయితో నికైదో అనే రచయిత పెద్ద వాదన లేవదీశాడు. ఆ వాదన చూస్తే నాకు అసూయ వేసింది. ఒక డిటెక్టివ్ నవల పాఠకుడికి న్యాయం చేసిందా లేదా అని అంతమంది కొట్టుకునే చోట మంచి డిటెక్టివ్ నవలలు రాకేం చేస్తాయి? మన దగ్గర కొమ్మూరి సాంబశివరావు యుగంధర్నీ, అసిస్టెంట్ రాజునీ ఒక తరమంతా అద్దె పుస్తకాల షాపుల్లోంచి తెచ్చుకుని, అట్ట కనబడకుండా పాఠ్యపుస్తకంలో పెట్టుకుని చదివింది. చదివారు, ఆనందించారు, తర్వాత పెద్దవాళ్ళై "ఆ చవకబారువి" అన్నారు. ఆట నియమాల గురించి మాట్లాడుకున్నది తక్కువ.

ఇంగ్లీషులో రాస్తున్న మనవాళ్ళు కొందరు మాత్రం దారి పట్టుకున్నారు. సుజాతా మాస్సీ 'ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్' (2018)లో 1921 నాటి బొంబాయి. పరదా పాటించే ముగ్గురు వితంతువులున్న ఇంట్లో హత్య. మగ పోలీసు లోపలికెళ్ళి వాళ్ళతో మాట్లాడలేడు, పర్వీన్ మిస్త్రీ అనే మహిళా లాయరు వెళ్ళగలదు. సమాచారం దాగి ఉంది సరే, దాచింది రచయిత్రి కాదు, ఆ ఇంటి పరదా. హరిణి నాగేంద్ర 'బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్' (2022) కాస్త మెత్తటి పుస్తకం, కానీ అందులో ఎవరు ఎక్కడిదాకా వెళ్ళొచ్చు అన్నదే సగం ఆధారాలని మూసిపెడుతుంది. నిజాం కాలపు హైదరాబాదులో దేవిడీలూ జనానాలూ రెసిడెన్సీ గోడలూ అలాగే పడున్నాయి. ఎవరైనా రాయండి బాబూ, నేను ముందే డబ్బు కట్టి కొంటాను.

సస్పెన్స్ పోతుందని ఇంకా భయపడేవాళ్ళకి బెంజమిన్ స్టీవెన్‌సన్ అనే ఆస్ట్రేలియా ఆయన 2022లో రాసిన 'ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హ్యాజ్ కిల్డ్ సమ్‌వన్' ఇచ్చి చూడండి. మొదట్లోనే నాక్స్ ఆజ్ఞలు అచ్చేశాడు. కథ చెప్పే ఎర్నెస్ట్ నేను అబద్ధం చెప్పను అని ఒట్టేసి, ఏయే పేజీల్లో చావులున్నాయో ఆ నంబర్లు కూడా ముందే ఇచ్చేశాడు. ఆ పేజీ దగ్గరపడుతున్న కొద్దీ ఎవరు పోతారో అని గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కిండిల్‌లో పేజీలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి అచ్చు ప్రతే కొనుక్కోండి. నేను నంబర్లన్నీ సరిచూశాను, సరిపోయాయి.